ఆ గంట ఎవరిది?

పదేళ్ళ కిందటి మాట. నేను ఇంటర్ సెకండియర్ లో ఉండగా మా వీధిలో ఉండే ఒకన్నకి డిగ్రీ పరీక్షల్లో స్క్రైబ్ గా వెళ్ళాను. ఆయనకి చూపు లేదు. ఆయన చెప్తుంటే నేను రాయాలి, అంతే. "నాకన్నా తక్కువ చదివినోడే రాయాలంట తమ్ముడూ, లేకపోతే నా బదులు వాడే రాసేస్తాడని వీళ్ళ భయం" అన్నాడు నవ్వుతూ. ఎంపీసీ చదివే నాకు ఎకనామిక్స్ ఏం తెలుసు? మాటమాటకీ స్పెల్లింగ్ అడగటం, డిమాండ్ కర్వ్ ఎటునుంచి ఎటు వాలాలో నోటితో చెప్పించుకోవటం.. ఒక్క బొమ్మకే పది నిమిషాలు పోయాయి. మూడు గంటలు అయ్యీ అవగానే ఇన్విజిలేటర్ వచ్చి పేపర్ లాక్కున్నాడు. ఎక్స్‌ట్రా టైం ఉంటుంది కదా సార్ అని అన్న అడిగితే, "ఇప్పటికే మనిషినిచ్చాం, ఇంకా టైం కూడానా?" అన్నాడాయన. రెండు ప్రశ్నలు మిగిలిపోయాయి. నేను నోరు విప్పలేదు. నిజం చెప్పాలంటే నాకది పెద్ద తప్పుగా కూడా అనిపించలేదు. ఒకరికే గంట ఎక్కువిస్తే మిగతావాళ్ళకి అన్యాయం కాదూ అనుకున్నాను.

ఈ మధ్య ఆఫీసులో ఒక పని మీద ఈ విషయాలు చదవాల్సొచ్చి, అసలీ గంట ఎక్కడినుంచి వచ్చిందా అని వెతుక్కుంటూ పోయాను. అది అమెరికా దాకా తీసుకెళ్ళింది.

ఎడ్ రాబర్ట్స్ అని ఒకాయన. 1953 లో, పద్నాలుగేళ్ళ వయసులో పోలియో వచ్చి మెడ కింద దాదాపు అంతా చచ్చుబడిపోయింది. రాత్రిళ్ళు ఐరన్ లంగ్ లో పడుకోవాలి. మనిషిని మెడదాకా లోపల పెట్టి, గాలి ఒత్తిడితో ఊపిరాడించే పెద్ద ఇనప పీపా లాంటి యంత్రం అది. హైస్కూలు పాఠాలు చాలావరకు ఇంట్లోనే, ఫోన్లో విన్నాడు. తీరా పూర్తయ్యాక స్కూలు వాళ్ళు డిప్లమా ఇవ్వం అన్నారు. ఎందుకో తెలుసా? డ్రైవింగ్ క్లాసూ, పీటీ క్లాసూ పూర్తి చెయ్యలేదట! వాళ్ళమ్మ పోట్లాడి ఇప్పించింది.

తర్వాత కాలిఫోర్నియా యూనివర్సిటీ, బర్కిలీలో చేరదామనుకున్నాడు. ప్రభుత్వ పునరావాస శాఖ డబ్బివ్వనంది. ఇంత వైకల్యం ఉన్నవాడు ఎప్పటికీ ఉద్యోగం చెయ్యలేడు, ఖర్చు దండగ అని వాళ్ళ లెక్క. గొడవ పేపర్లకెక్కాక ఇచ్చారు. యూనివర్సిటీకి ఇంకో చిక్కు. దాదాపు 360 కిలోల ఐరన్ లంగ్ ని హాస్టల్ గదులు మొయ్యలేవు. చివరికి 1962 లో క్యాంపస్ ఆసుపత్రిలో ఒక గది ఇచ్చి, అందులో ఉండి చదువుకోమన్నారు. జేమ్స్ మెరిడిత్ అనే నల్లజాతి విద్యార్థి ఫెడరల్ బలగాల కాపలాతో మిసిసిపీ యూనివర్సిటీలో అడుగుపెట్టింది కూడా ఆ ఏడాదే.

ఆ ఒక్క గది కాస్తా కొన్నేళ్ళలో వార్డయింది. వీల్‌చెయిర్ విద్యార్థులు ఇంకొంతమంది వచ్చి చేరారు. "రోలింగ్ క్వాడ్స్" అని తమకి తామే పేరు పెట్టుకున్నారు. 1970 కల్లా క్యాంపస్ లో వికలాంగ విద్యార్థుల కోసం వాళ్ళే నడిపే ఒక కార్యక్రమం మొదలైంది. సహాయకుల్ని వెతికిపెట్టడం, చెడిపోయిన వీల్‌చెయిర్లు బాగుచెయ్యటం, ఇళ్ళు చూసిపెట్టడం లాంటివి. ఇవాళ అక్కడి యూనివర్సిటీల్లో కనిపించే డిజెబిలిటీ ఆఫీసులకి ముందున్నవాళ్ళలో వీళ్ళూ ఉన్నారు. అన్నట్టు, 1975 లో ఆ రాబర్ట్స్ నే కాలిఫోర్నియా పునరావాస శాఖకి డైరెక్టర్ని చేశారు. ఉద్యోగానికి పనికిరాడు అన్న శాఖకే!

కానీ ఒక క్యాంపస్ మంచితనం వేరు, చట్టం వేరు. 1973 పునరావాస చట్టంలో సెక్షన్ 504 అని ఒకే ఒక్క వాక్యం ఉంది. ప్రభుత్వ డబ్బు తీసుకునే ఏ కార్యక్రమమూ వైకల్యం కారణంగా ఎవరి మీదా వివక్ష చూపకూడదని దాని సారాంశం. వాక్యం ఉంది గానీ అమలు చెయ్యటానికి నిబంధనలు లేవు. నాలుగేళ్ళు నానబెట్టారు. 1977 ఏప్రిల్ 5 న శాన్‌ఫ్రాన్సిస్కోలో వందమందికి పైగా వికలాంగులు ఫెడరల్ ఆఫీసులో బైఠాయించారు. ఫోన్లు కట్ చేస్తే బధిరులు కిటికీల్లోంచి సైగలతో కబుర్లు బయటికి పంపారు. బ్లాక్ పాంథర్స్ వాళ్ళు రోజూ భోజనం తెచ్చిపెట్టారు. మూడు వారాలు గడిచాక, ఏప్రిల్ 28 న మంత్రి సంతకం పెట్టాడు.

ఆ నిబంధనల్లో కాలేజీల మీద ఒక భాగం ఉంది. క్లాసులో టేప్ రికార్డర్ వద్దు అనే రూల్ పెట్టి వీళ్ళని ఇబ్బంది పెట్టకూడదు లాంటి చిన్న చిన్న విషయాలు కూడా రాశారు. నన్ను ఆపేసింది మాత్రం పరీక్షల గురించి చెప్పిన ముక్క. పరీక్ష కొలవాల్సింది విద్యార్థికి ఆ సబ్జెక్టు ఎంత వచ్చో గానీ, అతని కళ్ళో చేతులో మాటో ఎంత బాగా పనిచేస్తున్నాయో కాదు అని. ఎకనామిక్స్ పేపర్లో మా అన్న గీత గీయగలడా లేదా అన్నది ప్రశ్న కానే కాదన్నమాట! మా భాషలో చెప్పాలంటే బగ్ యూజర్లో లేదు, ఇంటర్‌ఫేస్ లో ఉంది.

ఇక మన సంగతి. 1995 చట్టం అంధులకీ, చూపు బాగా తక్కువున్నవాళ్ళకీ విద్యాసంస్థలు స్క్రైబ్ ని ఇవ్వాలంది. కానీ చట్టం ఒకటి, బోర్డుల అలవాట్లు ఒకటి. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ కి పదో తరగతి తర్వాత సైన్స్ ఇవ్వలేదు, చూపు లేనివాడు బొమ్మలెలా గీస్తాడని. కోర్టుకెళ్ళి సాధించుకుని సైన్స్ చదివాడు, ఆ తర్వాత ఎంఐటీకి వెళ్ళాడు. 2024 లో సినిమా కూడా వచ్చింది కాబట్టి ఆ కథ చాలామందికి తెలిసే ఉంటుంది.

2013 ఫిబ్రవరిలో కేంద్ర సామాజిక న్యాయ శాఖ పరీక్షల మీద మార్గదర్శకాలిచ్చింది. అందులో నాకు బాగా నచ్చింది ఒక్క మాట మార్పు. ఇకమీద ఎక్స్‌ట్రా టైం అనొద్దు, కాంపెన్సేటరీ టైం అనండి అన్నారు. అదనం కాదు, పోయినదానికి పరిహారం. గంటకి 20 నిమిషాలకి తగ్గకూడదు. అంటే మూడు గంటల పేపర్‌కి కనీసం ఒక గంట. స్క్రైబ్ కి చదువు, మార్కులు, వయసు లాంటి షరతులేవీ పెట్టకూడదు అని కూడా ఉంది. మళ్ళీ 2018 లో, సొంతంగా తెచ్చుకునే స్క్రైబ్ ఒక మెట్టు తక్కువ చదివుండాలని మార్చేశారు. అనుమానం అంత తేలిగ్గా పోదు మరి.

ఈలోగా 2016 చట్టం వచ్చింది. వైకల్యాల జాబితా 7 నుంచి 21 అయింది, ఉన్నతవిద్యలో 5 శాతం సీట్లు ఇవ్వాలన్నారు, పరీక్షా విధానాన్నే తగినట్టు మార్చాలన్నారు. అయినా 40 శాతం సర్టిఫికెట్ లేకపోతే స్క్రైబ్ లేడు. చేతి కండరాలు పట్టేసి రాయలేని ఒక డాక్టర్ కి సివిల్స్ లో ఇందుకే కుదరదన్నారు. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, స్క్రైబ్ కి ఆ 40 శాతం షరతు చెల్లదంది. అదే ఏడాది నీట్ రాసిన ఒక డిస్‌గ్రాఫియా విద్యార్థిని కూడా సుప్రీంకోర్టుకెళ్ళింది. గంట ముందే పేపర్ లాక్కున్నారని!

అది చదువుతుంటే మా పరీక్ష హాలు గుర్తొచ్చింది. ఆ రాత్రి అన్నకి ఫోన్ చేశాను. పోయిన పేపర్ మళ్ళీ రాసి పాసయ్యి, ఇప్పుడు బ్యాంకులో చేస్తున్నాడు. 2013 కాగితం గురించి చెప్పాను, ఆ గంట నీదే అన్నా, మనకి అప్పుడు తెలీలేదు అన్నాను.

"నాకు తెలుసు తమ్ముడూ. జెరాక్స్ తీసిన కాగితం ఆరోజు జేబులోనే ఉంది" అన్నాడు.

మరి ఎందుకు చూపించలేదన్నాను.

"ఇంకా నాలుగు పేపర్లు అదే హాల్లో, ఆ సార్ ముందే రాయాలి కదా."

వెంటనే ఏమనాలో నాకు తోచలేదు. ఆరోజు ఆ కాగితం ఆయన జేబులో కాదు, ఆ సార్ బల్ల మీద ఉండాల్సింది. కనీసం పక్కన కూర్చున్న నాకైనా తెలిసుండాల్సింది. మీరు గానీ, మీ తమ్ముళ్ళు చెల్లెళ్ళు గానీ ఎవరికైనా స్క్రైబ్ గా వెళ్తుంటే, దయచేసి ఆ రూల్స్ ఒకసారి చదువుకుని వెళ్ళండి. గడియారం చూసి అడగాల్సి వస్తే, అడిగేది మీరైతే మంచిది. మిగతా పేపర్లు రాయాల్సింది మీరు కాదు కదా.