ఏటిగట్టు మీద ఆరంకెలు

మే 24, 2022. మంగళవారం రాత్రి.

ముమ్మిడివరానికి కాస్త ఎడంగా ఓ పల్లె. డాబా మీద ఒంటి గది. పగలంతా ఎండిన శ్లాబు ఇంకా సెగ కక్కుతోంది. ఫ్యాన్ తిరుగుతోంది గానీ, ఉన్న వేడిగాలినే ఆ గోడ నుంచి ఈ గోడకి తోస్తోంది. లాప్‌టాప్ ముందు ఓ కుర్రాడు. పేరుతో పనిలేదు. ఆ రోజుల్లో కోనసీమలో ఇలాంటి గదులూ ఇలాంటి కుర్రాళ్లూ బోలెడు. వాళ్లందరికీ కలిపి ఇతను. తెర మీద అమెరికా వాళ్లతో మీటింగ్ నడుస్తోంది. అవతల ఎవరో ఇతన్ని ఏదో అడిగారు. మైకు ఆన్ చేశాడు. నోరు తెరిచాడు. తెర మీద మొహాలన్నీ ఎక్కడివక్కడే బిగుసుకుపోయాయి.

హాట్‌స్పాట్ ఆపి మళ్లీ పెట్టాడు. ఫోన్ కట్టేసి తీశాడు. సిమ్ బయటికి లాగి, లుంగీ అంచుతో తుడిచి, మళ్లీ దూర్చాడు. సిగ్నల్ గీతలు నిండుగానే ఉన్నాయి. నెట్ లేదు. మెట్లు దిగి, పెరట్లో కొబ్బరిచెట్ల కిందికి వెళ్లి, ఫోన్ నెత్తిమీదికి ఎత్తిపట్టుకుని, చీకట్లో రెండు చేలగట్లు దాటి, పంటకాలవ మీది కల్వర్టు ఎక్కి నిలబడేసరికి, చేతిలో ఫోన్ మోగింది. అమలాపురంలో ఉండే స్నేహితుడు.

"నెట్ తీసేశార్రా."

"ఎవరు? ఎందుకు?"

"ఊరు తగలబడిపోతోంది ఇక్కడ."

ఏప్రిల్ 4న కోనసీమ కొత్త జిల్లా అయింది. మే 18న ప్రభుత్వం, దాని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాగా మారుస్తామంటూ ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చింది. అభ్యంతరాలుంటే నెలలోగా చెప్పమంది. కాగితం మీద చెప్పాల్సిన మాట వారం తిరక్కుండానే రోడ్డెక్కింది. 24న కలెక్టరేట్ వైపు జనం కదిలారు. రాళ్లు లేచాయి. లాఠీలు లేచాయి. బస్సులు కాలాయి. మంత్రి పినిపే విశ్వరూప్ ఇంటికి నిప్పు పెట్టారు. ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇంటికీ పెట్టారు. రాజ్యాంగం రాసినాయన పేరు పెడతామంటే ఇళ్లు కాల్చిన ఊరిగా అమలాపురం ఆ రాత్రి దేశమంతా టీవీల్లో కనపడింది. పిలుపులూ పుకార్లూ వాట్సాప్‌లో పరుగులు పెడుతున్నాయని నెట్ కోసేశారు. ఆ పుకార్లు మోసే దారే ఇతని ఉద్యోగాన్నీ మోస్తోంది.

అర్ధరాత్రి దాటింది. నిద్ర రాలేదు. మంచం మీద పడుకుని ఫోన్ తీశాడు. ఒక్క యాప్ మాత్రం ఏమీ జరగనట్టు పనిచేస్తోంది. ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లేటప్పుడు పాస్‌వర్డ్ తర్వాత కొట్టాల్సిన ఆరంకెలు చూపించే యాప్ అది. ఆరంకెలు. ముప్పై సెకన్లు. మారాయి. మళ్లీ ఆరంకెలు. తాళంచెవి అర నిమిషానికోటి చొప్పున కొత్తగా తయారవుతోంది. తలుపే లేకుండా పోయింది.

ఆ అంకెలు ఎక్కడి నుంచీ రావు. ఫోన్‌లోనే పుడతాయి. 1980ల్లో అమెరికాలో కెనెత్ వైస్ అనే ఆయన, గడియారాన్నే రహస్యంలో భాగం చేస్తే ఎలా ఉంటుందని ఆలోచించాడు. మొదట ఒక్కసారి ఓ రహస్య సంఖ్యని ఇద్దరి దగ్గరా పెడతారు. తర్వాత ఇక్కడి యంత్రం, అక్కడి యంత్రం, దేనికది ఆ సంఖ్యనీ అప్పటి టైమునీ కలిపి లెక్క కడతాయి. ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. అయినా జవాబు ఒకటే వస్తుంది. కంపెనీలు చేతికిచ్చిన చిన్న చిన్న కార్డుల్లో మొదలైన ఈ ఉపాయం, 2011లో అందరూ వాడుకోదగ్గ ప్రమాణంగా అచ్చయి, ఫోన్లలోకి దూరింది. దొంగిలించినా అర నిమిషంలో చెల్లకుండా పోయే అంకె. ఎంత తెలివైన ఏర్పాటో! ఆ తెలివంతా అరచేతిలో వెలుగుతుంటే, తెల్లవారుజామున మేనేజర్ ఫోన్ వచ్చింది. గురువారం రాత్రి రిలీజ్. ఆపడానికి లేదు.

మర్నాటి నుంచి రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ. ఆరింటికే బండి తీశాడు. బ్యాగులో లాప్‌టాప్, చార్జర్, రెండు తువ్వాళ్లు, అమ్మ కట్టిన దిబ్బరొట్టె. పికెట్ దగ్గర పోలీసులు ఆపి, బ్యాగు విప్పించి, మెడలో వేలాడే కంపెనీ కార్డుని అటూ ఇటూ తిప్పి చూసి వదిలారు. మురమళ్ల దాటి, కొబ్బరితోటల నీడలు రోడ్డు మీద చారలు చారలుగా పడుతుంటే, మూసిన కొట్లూ తెరిచీ తెరవని టిఫిన్ బళ్లూ వెనక్కి పోతుంటే, ఒంటిచేత్తో హ్యాండిల్ పట్టుకుని రెండో చేత్తో ఫోన్ చూసుకుంటూ, గౌతమి గాలి మొహానికి తగిలేదాకా ఎక్కడా ఆగకుండా ఎదుర్లంక చేరాడు. గట్టెక్కాడు. అప్పటికే గట్టంతా జనం.

అందరివీ ఇలాంటి బ్యాగులే. ఒకళ్లు రావిచెట్టు కింద. ఒకళ్లు బోర్లించిన నావ మీద. ఓ అమ్మాయి స్కూటీ సీటు మీద లాప్‌టాప్ పెట్టుకుని నిలబడే పనిచేస్తోంది. తెర కనపడక నెత్తిమీంచి చున్నీ కప్పుకుంది. లోపలి నుంచి గొంతు మాత్రం వినిపిస్తోంది, ఇంగ్లీషులో, చాలా మర్యాదగా.

"ఆయ్, మా కొట్టు పక్కనైతే రెండు గీతలొస్తన్నాయండి. ఇటొచ్చి కూచోండి," అన్నాడు టీ కొట్టాయన.

ఎదురుగా ఏటికి అవతల యానాం. 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఊరు. ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం. ఆంధ్ర ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు ఏటి మధ్యలోనే ఆగిపోతుంది. సిగ్నల్‌కి ఆ పట్టింపు లేదు, నీళ్ల మీదుగా ఇటు వచ్చేస్తుంది. అక్కడ ఆకాశంలోకి పొడుచుకొచ్చినట్టు కనపడేది ఐఫిల్ టవర్ నమూనా. కొత్తగా వచ్చినవాళ్లు ఫోన్‌ని దానివైపు తిప్పిపట్టుకుంటారు. దాని వల్ల ఒరిగేదేం లేదు. అసలు టవర్లు దాని వెనకెక్కడో ఇళ్ల మధ్యన ఉన్నాయి. రెండు గీతలు. నెట్ వచ్చింది. ఆరంకెలు కొట్టాడు. చిన్న చక్రం తిరుగుతోంది, తిరుగుతోంది.

కనెక్ట్ అయింది.

ఆ చక్రం తిరిగే సెకన్లలో జరిగే పని చిన్నది కాదు. ముక్కూమొహం తెలియని ఇద్దరు నడిబజారులో, అందరికీ వినపడేలా మాట్లాడుకుంటూనే, వాళ్లిద్దరికి తప్ప ఎవరికీ తెలియని రహస్యం ఒకటి పుట్టించుకోవచ్చని 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ లెక్కతో చూపించారు. 1996లో మైక్రోసాఫ్ట్‌లో గురుదీప్ సింగ్ పాల్, తోటివాళ్లూ కలిసి, ఇంట్లో కూర్చున్న ఉద్యోగిని మామూలు ఇంటర్నెట్ మీదుగానే ఆఫీసు నెట్‌వర్క్‌లోకి తీసుకెళ్లే పద్ధతొకటి తయారుచేశారు. తాళాలు తర్వాత ఇంకా గట్టివి వచ్చాయి గానీ ఉపాయం అదే. వీపీఎన్. దారి అందరిదీ, లోపలి మాట మనది. టవర్ వాడు చూసినా, మధ్యలో ఇంకెవడు చెవి పెట్టినా దొరికేది చెత్తే. ఇన్నేళ్ల బుర్రంతా పొంచి వినేవాడి మీదే పెట్టారు. దారే మూసేవాడి గురించి ఆ లెక్కల్లో ఒక్క గుర్తు కూడా లేదు.

పదకొండింటికి గాలి తిరిగింది. ఏమైందో, ఫోన్ యానాం టవర్‌ని వదిలేసి సొంతూరి టవర్‌ని పట్టుకుంది. గీతలు నాలుగయ్యాయి. డేటా సున్నా. వీపీఎన్ తెగింది. ఫోన్‌కి ఎక్కువ గీతలున్న టవరే ముద్దు. డేటా ఇస్తుందా లేదా దానికి అనవసరం. లేచి నాలుగడుగులు నీళ్లవైపు నడిచాడు. మళ్లీ ఆరంకెలు. మళ్లీ చక్రం. మధ్యాహ్నానికి తువ్వాలు తడిసి ముద్దయింది. లాప్‌టాప్ అడుగు కాలుతోంది. కంపెనీ నియమాల్లో ఓ వాక్యం ఉంది: తెర ఇతరులకి కనపడని ఏకాంత ప్రదేశంలో పనిచేయాలి. పక్కన ముగ్గురు. వెనక టీ కొట్టు బెంచీ మీద ఇంకో నలుగురు.

2020లో కరోనా వచ్చినప్పుడు, ఉద్యోగులు ఇంటి నుంచే వీపీఎన్ మీద పనిచేసుకోవచ్చని కేంద్ర టెలికాం శాఖ నిబంధనలు సడలించింది. అలాగే ఈ కుర్రాళ్లు లాప్‌టాప్‌లతో సొంతూళ్లకి చేరారు. 2022 ఏప్రిల్ 28న కేంద్రం సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్, వీపీఎన్ కంపెనీలు వాడకందార్ల వివరాలు అయిదేళ్లు దాచాలని ఆదేశించింది. గగ్గోలు లేస్తే, ఉద్యోగుల కోసం కంపెనీలు నడుపుకునే వీపీఎన్‌లకి అది వర్తించదని మే 18న వివరణ ఇచ్చింది. జిల్లా పేరు మీద నోటిఫికేషన్ వచ్చిందీ అదే మే 18న. ఢిల్లీ ఇతన్ని వదిలేసిన రోజే అమరావతిలో ఇంకో కాగితం బయల్దేరింది. నెట్ ఆపే అధికారానికి అప్పట్లో మూలం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం. దాని కింద 2017లో రాసుకున్న నియమాలు. ఏ ఆపుదలైనా తాత్కాలికంగా, అవసరానికి తగ్గట్టే ఉండాలనీ, ఉత్తర్వుని జనానికి తెలిసేలా ప్రచురించాలనీ 2020 జనవరి 10న అనురాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తాత్కాలికం అంటే ఎన్నాళ్లు? గట్టు మీద అందరూ ఒకళ్లనొకళ్లు అడుగుతున్న ప్రశ్న అదే. ఈలోగా గురువారం సాయంత్రమైంది.

రాత్రి తొమ్మిది. రిలీజ్ పదింటికి. గట్టు మీద చీకట్లో తెరల వెలుగులు, దోమలు, కాళ్లకి రాసుకున్న ఒడోమాస్ వాసన. బ్యాటరీ ఇరవై రెండు శాతం. టీ కొట్టు ప్లగ్గు దగ్గర ఇంకా అయిదుగురు ఉన్నారు. అప్పుడు రోడ్డు మీంచి రెండు హెడ్‌లైట్లు గట్టువైపు తిరిగాయి. పోలీసు జీపు.

"ఏం చేత్తన్నారు ఇక్కడ గుంపుగా?"

"డ్యూటీ సార్. సాఫ్ట్‌వేర్."

"144 ఉంది, తెలుసుగా? విడివిడిగా పొండి. ఎవరికాళ్లు."

లాప్‌టాప్‌లు టపటపా మూతపడ్డాయి. రెండు గీతలొచ్చే చోటు ఒక్కటే. దాని చుట్టూ చేరకుండా ఎలా? జీపు కదల్లేదు. తొమ్మిదీ ఇరవై అయింది. అతను బ్యాగు భుజాన వేసుకుని, గట్టు దిగకుండా, వారధివైపు నడిచాడు.

ఆ వారధికి జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టారు. కోనసీమలో పుట్టిన దళిత బిడ్డ, లోక్‌సభ స్పీకర్. 2002 మార్చి 3న హెలికాప్టర్ కూలి చనిపోయాడు. ఆయన పేరు మీదుగా జనం రోజూ ఏరు దాటుతారు. ఆ పేరు ఎవరికీ అడ్డు రాలేదు. వారధి సగం దాటేసరికి ఫోన్ తనంతట తానే మారిపోయింది. మూడు గీతలు, తర్వాత నాలుగు. రెయిలింగ్‌కి వీపు ఆనించి కిందే చతికిలబడ్డాడు. కింద గౌతమి నల్లగా పారుతోంది, లారీ వెళ్లినప్పుడల్లా శ్లాబు వణుకుతోంది, ఒళ్లో లాప్‌టాప్ ఎగిరి పడుతోంది, ఉప్పుగాలికి కళ్లు మూతలు పడుతున్నాయి, బ్యాటరీ పద్నాలుగు, ఆరంకెలు కొట్టేలోపు ముప్పై సెకన్లు అయిపోయి అంకె మారింది. మళ్లీ కొట్టాడు. తప్పు. ఇంకోసారి తప్పయితే అకౌంట్ లాక్. లాక్ తీయాలంటే హెల్ప్‌డెస్క్ ఆన్‌లైన్‌లోనే. వేళ్లు తుడుచుకున్నాడు. అంకె మారేదాకా ఆగాడు. మారగానే కొట్టాడు.

లోపలికెళ్లాడు.

పదీ నలభైకి మేనేజర్ ఫోన్. "అంతా బాగానే వెళ్లింది. అన్నట్టు, ఆ హోరేంటి? ఇంట్లో ఏసీయా?"

"గాలండీ," అన్నాడు.

తర్వాతి రోజుల్లో కొందరు యానాంలో గదులు తీసుకున్నారు. కొందరు కాకినాడ, రాజమండ్రి చుట్టాలిళ్లకి సర్దుకున్నారు. నెట్ విడతలు విడతలుగా తిరిగొచ్చింది. పూర్తిగా రావడానికి దాదాపు రెండు వారాలు పట్టింది. జూన్ 24న మంత్రివర్గం అంబేడ్కర్ పేరుకే ఆమోదం తెలిపింది. ఆ ఏడాది ప్రపంచం మొత్తమ్మీద 187 సార్లు నెట్ ఆపితే, అందులో 84 మన దేశంలోనేనని ఆక్సెస్ నౌ సంస్థ లెక్క తేల్చింది.

ఇతని ఊళ్లో నెట్ వచ్చింది ఓ మధ్యాహ్నం పూట. ఫోన్ ఆగకుండా మోగడం మొదలెట్టింది. ఆఫీసుది కాదు, వాట్సాప్‌ది. గట్టు మీద ఆ రెండు గీతలూ ఆఫీసుకే చాలాలని అన్నాళ్లూ దాన్ని ఆపేసి ఉంచాడు. అందని సందేశాన్ని వాట్సాప్ ముప్పై రోజుల దాకా సర్వర్‌లో ఉంచుతుంది, వేసిన తాళం వేసినట్టే, తను కూడా చదవకుండా. 24వ తేదీ రాత్రి ఆగిపోయిన పుకార్లన్నీ ఒక్క అక్షరం చెదరకుండా, అంతే భద్రంగా వచ్చి వాలాయి. రేపు అందరూ కదలాలని ఒకటి. రెండు వారాల కిందటి రేపు.

"ఎవర్రా అన్ని మెసేజ్‌లు?" కింద నుంచి అమ్మ.

"పాతవేనమ్మా."

గ్రూపులోంచి బయటికొచ్చి ఆఫీసు మెయిల్ తెరిచాడు. పైన ఓ ఫారం. అంతరాయాలు మళ్లీ రాకుండా ఉద్యోగులందరూ నింపి పంపాలట. మీకు రెండో కనెక్షన్ ఉందా? ఉంది. మొదటిదానితో సంబంధం లేని వేరే దారిలో వస్తుందా? వస్తుంది. ఎక్కడ?

యానాం, అని రాశాడు.