లిటికో: నేవీ డాక్టర్లకన్నా ముందే జబ్బుకి పేరు పెట్టుకున్న చమోరో జనం



చరిత్ర అనగానే మనం భూమి, అడవి, పోరాటాల గురించే ఎక్కువ రాసుకుంటాం. కానీ జబ్బుకి కూడా చరిత్ర ఉంటుంది. మనలాంటి ఒక మూలవాసీ జాతిని పట్టి పీడించిన జబ్బు గురించి ఈసారి మాట్లాడుకుందాం.

పసిఫిక్ సముద్రంలో గువామ్ అనే చిన్న దీవి ఉంది. అక్కడి మూలవాసులు చమోరోలు. వాళ్ళని 1668 నుంచి స్పెయిన్, 1898 నుంచి అమెరికా, 1941-44 మధ్య జపాన్, ఆ తర్వాత మళ్ళీ అమెరికా ఏలాయి. వాళ్ళ ఊళ్ళల్లో కొందరికి చేతులు, కాళ్ళు సన్నబడిపోయేవి. మాట ముద్దగా వచ్చేది, చివరికి మింగడం కూడా కష్టమయ్యేది. దాన్ని వాళ్ళు 'లిటికో' అన్నారు. ఇంకొందరు బిగుసుకుపోయి, కదలిక తగ్గి, మతిమరుపులో పడేవాళ్ళు. అది 'బోడిగ్'. ఒక్కోసారి రెండూ ఒకే ఇంట్లో ఉండేవి.

లిటికో అంటే ఇవాళ డాక్టర్లు మోటార్ న్యూరాన్ జబ్బు అంటున్నదే. కండరాల్ని కదిలించే నరాల కణాలు ఒక్కొక్కటిగా చచ్చిపోతాయి. పారిస్‌లో షార్కో అనే డాక్టర్ 1869లో దీని గురించి రాశాడు, 1874లో ఏఎల్ఎస్ అనే పేరు పెట్టాడు. గువామ్‌లో ఇది ఎక్కువగా ఉందని 1945లో అమెరికా నేవీ డాక్టర్ జిమ్మర్‌మన్ గమనించాడు. 1950లలో కర్లాండ్, మల్డర్ అనే డాక్టర్లు సర్వే చేశారు. మిగతా ప్రపంచంతో పోలిస్తే అక్కడ 50 నుంచి 100 రెట్లు ఎక్కువని తేలింది. దక్షిణాన ఉన్న ఉమాటక్ ఊరు బాగా దెబ్బతింది.

ఇక కారణం కోసం వేట మొదలైంది. కొందరు వంశం అన్నారు. కొందరు తిండి అన్నారు. చమోరోలు ఫదాంగ్ అనే చెట్టు గింజల పిండి తింటారు. ఆ గింజలో విషం ఉంటుంది. మన పెద్దోళ్ళు మామిడి టెంకని నానబెట్టి, కడిగి అంబలి కాచినట్టే, వాళ్ళు కూడా రోజుల తరబడి నీళ్ళు మార్చి విషం తీసేస్తారు. బాగా కడిగిన పిండిలో విషం చాలా తక్కువే మిగులుతుందని తర్వాతి పరీక్షల్లో తేలింది. 2002లో కాక్స్, ఆలివర్ సాక్స్ ఇంకో మాటన్నారు: ఆ గింజలు తిన్న గబ్బిలాల్ని జనం తినడం వల్ల కావచ్చని. ఏదీ పూర్తిగా రుజువు కాలేదు. ఈలోగా జబ్బే తగ్గిపోతూ వచ్చింది. 1950ల తర్వాత పుట్టినవాళ్ళలో దాదాపు కనపడదు. రక్తం ఒక్క తరంలో మారదు కదా! అంటే వంశం ఒక్కటే కారణం కాదన్నమాట. ఒక జాతి రక్తం మీద వేసిన అనుమానం అలా పలచబడింది.

మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకోటుంది. జాన్ స్టీల్ అనే నరాల డాక్టర్ గువామ్‌లో ఇంటింటికీ తిరిగి రోగుల్ని చూసేవాడు. ఆయనతో వెళ్ళిన సాక్స్ తన పుస్తకంలో ఏం రాశాడంటే, చమోరోలు రోగుల్ని ఇంట్లోనే, అందరి మధ్యే ఉంచుకుంటారని. దాచిపెట్టరు, వదిలెయ్యరు. బ్రిటన్‌లో 1979లో ఈ జబ్బుని దగ్గర్నుంచి చూసినవాళ్ళు ఒకరికొకరు తోడుగా ఒక సంఘం పెట్టుకున్నారు. చమోరోలకి ఇల్లూ ఊరే ఆ తోడు.

ఇది దూరపు కథ అనుకోవద్దు. 1970లో మద్రాసు డాక్టర్లు ఇందులోనే ఒక వేరే రకాన్ని గుర్తించారు. అది చిన్న వయసులో మొదలవుతుంది, చెవుడు కూడా వస్తుంది, కానీ నెమ్మదిగా ముదురుతుంది. ఎక్కువ కేసులు దక్షిణ భారతంలోనే. ఇంకో జబ్బులో కుర్రాళ్ళకి ఒక్క చెయ్యే సన్నబడుతుంది, కొన్నేళ్ళకి ఆగిపోతుంది. చూడ్డానికి ఒకేలా ఉన్నా, ఒకరి భవిష్యత్తు ఇంకొకరిది కాదు. అందుకే రోగనిర్ధారణ అంత ముఖ్యం. ఈ జబ్బుని తేల్చే ఒకే ఒక్క పరీక్ష ఇప్పటికీ లేదు. నరాల డాక్టర్ చూడాలి, కండరాల కరెంటు పరీక్ష చెయ్యాలి, స్కానింగ్‌తో మిగతా జబ్బులు కావని తేల్చుకోవాలి. ఇందుకు నెలలు పడుతుంది. ఆ నెలల్లోనే మనిషి ఒంటరైపోతాడు.

కాబట్టి మన గూడెంలో ఎవరికైనా స్పర్శ బాగానే ఉండి చెయ్యి పట్టు తప్పుతుంటే, కండ అదురుతుంటే, మాట ముద్దగా వస్తుంటే, గాలి సోకిందని వదిలెయ్యొద్దు. పక్షవాతం అని మనమే తేల్చెయ్యొద్దు. నరాల డాక్టర్ ఉన్న ఊరికి తోడుగా వెళ్దాం. కాగితాలు మనం పట్టుకుందాం, డాక్టర్ చెప్పింది మన భాషలో ఇంట్లోవాళ్ళకి చెప్దాం. ఈ జబ్బుని పూర్తిగా నయం చేసే మందు ఇంకా రాలేదు. 1995లో వచ్చిన రిలుజోల్ అనే మందు కొన్ని నెలల ఆయుష్షు పెంచుతుంది, అంతే. మిగతాదంతా మనుషులు చెయ్యాల్సిందే: తినిపించడం, కూర్చోబెట్టడం, మాట పోయినా మాట్లాడుతూ ఉండడం. ఆ పని మన జాతులకి కొత్త కాదు.

జై ఆదివాసీ!