ఐస్‌బ్రేకర్ ప్రశ్న

సమావేశం అసలు విషయంలోకి వెళ్ళేముందు, కొత్తవాళ్ళ మధ్య బిడియం పోగొట్టడానికి వేసే తేలికపాటి ప్రశ్న. గడ్డకట్టిన సముద్రంలో మంచును చీల్చుకుంటూ దారి చేసే ఓడనూ ఇంగ్లీషులో ఇదే పేరుతో పిలుస్తారు.

“మీ గురించి చెప్పండి” అంటే అందరూ పేరు, ఉద్యోగం అప్పజెప్పి కూర్చుంటారు. అదే “పాడైపోయినా పారేయడానికి మనసొప్పని వస్తువేది?” అని అడిగితే తాతగారి గడియారమో, మూగబోయిన రేడియోనో బయటికొస్తుంది. “మా ఇంట్లోనూ ఒకటుంది” అని పక్కవారు అందుకుంటారు. అక్కడితో సగం పని అయినట్టే.

ఈ కోవలో బాగా పాతుకుపోయిన ప్రశ్న, ఒంటరి దీవికి ఏం తీసుకెళ్తారన్నది. రాయ్ ప్లమ్లీ రూపకల్పనలో 1942లో బీబీసీ రేడియోలో మొదలైన ‘డెజర్ట్ ఐలాండ్ డిస్క్స్’ దానిమీదే నడుస్తోంది. అతిథి ఎనిమిది రికార్డులు ఎంచుకోవాలి.

మనస్తత్వవేత్త ఆర్థర్ ఏరన్ బృందం 1997లో ప్రచురించిన 36 ప్రశ్నలది వేరే దారి. మొదట విందుకు ఎవరిని పిలుస్తారనే సరదా ప్రశ్న. పోనుపోను మనసు లోతుల్లోకి దిగుతాయి. ఇద్దరు అపరిచితులను 45 నిమిషాల్లో దగ్గర చేయడానికి కూర్చినవవి. సోమవారం ఉదయపు ఆఫీసు మీటింగుకు అంత లోతు అక్కర్లేదు!

తెలుగువారిలో “మీదే ఊరండీ?” ఎప్పటినుంచో ఈ పని చేస్తోంది. ఇంటిపేరు ఆరా మాత్రం కులం కూపీలా వినిపించవచ్చు. పెళ్ళి, పిల్లల ప్రస్తావన కొందరిని నొప్పిస్తుంది. ముప్ఫైమంది తలా ఒక నిమిషం మాట్లాడితే అరగంట గడిచిపోతుంది గనుక, పెద్ద గుంపును ముగ్గురేసి చొప్పున విడదీస్తారు.