గెలిచినోడి కథ, ఓడినోళ్ళ సూది

ఈసారి కొంచెం దూరం పోదాం, ఫ్రాన్స్‌లోని నార్మండీ సీమకు. అక్కడ బాయూ అనే చిన్న పట్నంలో ఒక పాత నారబట్ట ఉంది. పొడవు 70 మీటర్లకు కాస్త తక్కువ, వెడల్పు మూరెడు మీద కొంచెం. దాని నిండా ఉన్ని దారంతో కుట్టిన బొమ్మలు. 1066లో నార్మండీ దొర విలియం సముద్రం దాటి ఇంగ్లండును గెలిచిన కథ అది.

ముందు పేర్ల సంగతి చూడండి. నార్మండీ అంటే ఉత్తరాదివాళ్ళ నేల. పడవల్లో వచ్చి ఊళ్ళు దోచుకునే వైకింగులను ఆపలేక, ఫ్రాన్స్ రాజు 911లో వాళ్ళ నాయకుడు రోలోకు కొంత భూమి ఇచ్చేశాడు. దోపిడీకి వచ్చినోళ్ళు కాపురం పెట్టారు. కొన్ని తరాల్లో సొంత భాష మరిచిపోయారు గానీ ఊరి పేర్లలో అది మిగిలింది. వాగును వాళ్ళు బెక్ అనేవాళ్ళు, అందుకే కోడ్‌బెక్ అంటే చల్లటి వాగు. మనకు వాగు పేరుతో, పాడు పేరుతో ఊళ్ళు లేవూ, అట్లాగే.

ఈ బట్టను లోకమంతా బాయూ టేపెస్ట్రీ అంటుంది. ఆ పేరే తప్పు. టేపెస్ట్రీ అంటే మగ్గం మీద బొమ్మతో సహా నేసేది. ఇది నేసింది కాదు, అచ్చంగా సూదితో కుట్టింది. బొమ్మ అంచుకు కాడలా సాగే కుట్టు, లోపల నింపడానికి దారాలు పక్కపక్కన పరిచి పైన అడ్డంగా బిగించే కుట్టు. దారాలకు రంగులు మొక్కల నుంచే. ఎరుపు మంజిష్ఠ జాతి వేరుది. నీలం వోడ్ అనే ఆకుది, మన నీలిమొక్కలో ఉండే రంగే అందులోనూ ఉంటుంది. బట్టేమో అవిసె నార. ఇప్పటికీ నార్మండీ రైతులు అవిసె బాగా వేస్తారు. కోయరు, వేళ్ళతో పీకి చేలోనే పరుస్తారు. మనం గోగును నీళ్ళలో నానేసినట్టు, వాళ్ళకు ఆ పని మంచు చేసిపెడుతుంది.

మన భాషలో కుట్టుకూ కుట్రకూ ఎంత దగ్గర! ఈ బట్టలో రెండూ ఉన్నాయేమో అనిపిస్తుంది నాకు. ఇంగ్లండు సింహాసనం ఎక్కిన హెరాల్డ్, అంతకుముందు విలియం దగ్గర ఒట్టు పెట్టి తప్పాడని ఇందులో కథ. చేయించింది విలియం తమ్ముడు, బాయూ బిషప్ ఓడో అయ్యుంటాడని చరిత్రకారుల్లో ఎక్కువమంది మాట. కుట్టింది మాత్రం ఇంగ్లండువాళ్ళే అంటారు. అంటే కథ గెలిచినోడిది, సూది పట్టిన చేతులు ఓడినోళ్ళవి.

ఇప్పుడు అంచు చూడండి, మనకు కావాల్సింది అక్కడుంది. పైన రాజులు, గుర్రాలు నడుస్తుంటే కింది అంచులో ఒకచోట చక్రాలున్న నాగలితో దున్నుతున్నారు. దాన్ని లాగేది ఎద్దు కాదు, గాడిదో కంచరగాడిదో. పక్కన ఒకడు విత్తనం చల్లుతున్నాడు. వెనకాల గుర్రం పళ్ళ దంతె లాంటిది లాగుతోంది. ఆ వెనక ఇంకొకడు వడిసెల తిప్పి పిట్టల్ని తోలుతున్నాడు! మంచె మీద నిలబడి జొన్నచేను కాసినోళ్ళు ఆ బొమ్మను చూస్తే వెంటనే గుర్తుపడతారు. యుద్ధం కథకు ఇవేవీ అక్కర్లేదు. అయినా కుట్టారు.

ఇంకోచోట యుద్ధానికి ముందు విలియం మనుషులు ఒక ఇంటికి నిప్పు పెడుతుంటారు. ఒక తల్లి బిడ్డ చెయ్యి పట్టుకుని బయటికి వస్తుంటుంది. పైన లాటిన్‌లో రాసింది ఒకటే ముక్క, ఇక్కడ ఇల్లు తగలబెడుతున్నారని. ఎవరి ఇల్లో లేదు. మూడు నాలుగేళ్ళకు, 1069-70 చలికాలంలో ఉత్తర ఇంగ్లండు తిరగబడితే విలియం ధాన్యం, పశువులు, పనిముట్లు కూడా తగలబెట్టించాడు. కరువు వచ్చింది. 1086లో మన అడంగల్ లాంటి లెక్క రాయించాడు, ఏ ఊళ్ళో ఎన్ని నాగళ్ళున్నాయో అని. అందులో ఉత్తరాన చాలా ఊళ్ళ పక్కన బీడు అని ఉంది.

మాటలూ రెండుగా చీలాయి. దొడ్లో ఉన్నంతసేపు అది ఇంగ్లీషు కౌ, దొర పళ్ళెంలోకి పోతే ఫ్రెంచి బీఫ్. గొర్రె షీప్, కూరైతే మటన్. మేపేవాడి మాట ఒకటి, తినేవాడి మాట ఒకటి. మనం రోజూ వాడే మటన్ అనే మాట ఆ దారినే వచ్చింది.

ఫ్రెంచి విప్లవం రోజుల్లో ఈ బట్టను సైన్యం బండి మీద పరదాగా కప్పబోతే ఒక వకీలు అడ్డుపడి కాపాడాడని చెబుతారు. చివరి ముక్క చిరిగి ఎప్పుడో పోయింది, ఇంగ్లండువాళ్ళు పారిపోయే బొమ్మతో ఆగిపోతుంది. 2026 సెప్టెంబర్ నుంచి 2027 జులై వరకు దీన్ని లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంచేలా రెండు దేశాలూ 2025లో ఒప్పుకున్నాయి. బొమ్మలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. చూస్తే కింది అంచు నుంచి మొదలుపెట్టండి.