మైన్‌స్వీపర్: గుడ్డిగా నొక్కొద్దు, లెక్కేసి నొక్కండి

మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ కంప్యూటర్ సెంటర్లలో ట్యాలీ, ఎంఎస్ ఆఫీస్ నేర్చుకున్న ఒక తరానికి మైన్‌స్వీపర్ పరిచయం అక్కర్లేదు. సార్ అటు వెళ్లగానే తెరిచే ఆట అది. అయితే చాలామంది దీన్ని అదృష్టం ఆట అనుకుని ఏదో ఒక గడి నొక్కేసేవాళ్లు. నిజానికి ఇది లెక్క ఆట.

రాబర్ట్ డోనర్, కర్ట్ జాన్సన్ తయారుచేసిన ఈ గేమ్ 1992లో విండోస్ 3.1తో వచ్చింది. విండోస్ 8 నుంచి విడిగా డౌన్‌లోడ్ చేసుకోవాల్సి వస్తోంది.

ఆట ఇలా

గడి తెరిస్తే వచ్చే అంకె, చుట్టూ ఉన్న ఎనిమిది గడుల్లో ఎన్ని బాంబులున్నాయో చెబుతుంది. బిగినర్‌లో 81 గడులకు 10 బాంబులు, ఇంటర్మీడియట్‌లో 256కి 40, ఎక్స్‌పర్ట్‌లో 480కి 99. విండోస్ గేమ్‌లో మొదటి క్లిక్‌కి బాంబు పేలదు.

గుర్తుంచుకోవాల్సినవి

* అంకె ఎంతో, దాని చుట్టూ మూసిన గడులూ అన్నే ఉంటే అన్నీ బాంబులే. జెండా పెట్టేయండి.
* 3 పక్కన రెండు బాంబులు ముందే తేలితే, దాన్ని 1గానే చూడాలి.
* మూసిన గడులు ఒకే వైపు వరుసగా ఉండి, ఎదురుగా 1-2-1 వస్తే 1ల ఎదుట బాంబులు, 2 ఎదుట సేఫ్. 1-2-2-1 అయితే 2ల ఎదుటే బాంబులు.
* బోర్డు అంచు నుంచి 1-1 మొదలైతే మూడో గడి సేఫ్.

లెక్క తేలకపోతే?

కొన్నిసార్లు ఊహించక తప్పదు. అప్పుడూ పోల్చి చూడాలి. 1 పక్కన రెండే గడులు మిగిలితే ప్రమాదం 50 శాతం. మిగతా చోట 50 గడుల్లో 10 బాంబులుంటే 20 శాతమే. అక్కడ నొక్కడమే మేలు. ఏ అంకే తేల్చలేని జంట గడులు ఉంటే మాత్రం చివరిదాకా ఆగి లాభం లేదు, ముందే తేల్చేసుకోవాలి.

బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లకూ ఈ అలవాటు పనికొస్తుంది. ఐబీపీఎస్ ప్రిలిమ్స్‌లో తప్పుకు పావు మార్కు కోత. ఐదు ఆప్షన్లలో గుడ్డిగా పెడితే సగటున వచ్చేదీ పోయేదీ సమానం. ఒక్క ఆప్షన్ కచ్చితంగా తప్పని తెలిసినా లెక్క మనవైపు మొగ్గుతుంది. తెలిసింది ముందు తేల్చుకుని, మిగిలినదానికే రిస్క్ తీసుకోవాలి. ఆటలో పోతే మళ్లీ కొత్త బోర్డు వస్తుంది. పరీక్షకు మాత్రం ఇంకో నోటిఫికేషన్ దాకా ఆగాలి.