బొడ్డు చుట్టూ కాస్త చరిత్ర

"అమ్మా! కడుపునొప్పి!"

సోమవారం పొద్దున్న ఏడున్నరకి ఈ కేక ఎన్నడూ వినబడని ఇల్లు ఎక్కడైనా ఉంటే చెప్పండి, వెళ్ళి ఆ ఇల్లాలికి దణ్ణం పెట్టి వస్తాను. మా ఇంట్లో మాత్రం పోయిన ఏడాది నాలుగు నెలలపాటు ఇదే వరస. మా చిన్నవాడికి తొమ్మిదేళ్ళు. ఒక కాలికి బూటు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని గుమ్మంలో ముడుచుకు కూచునేవాడు. స్కూలు ఆటో వెళ్ళిపోయిన అరగంటకి లేచొచ్చి నాలుగు ఇడ్లీలు తినేవాడు. తల్లికి అనుమానం రాదూ మరి?

మా అత్తగారు ఇంగువ నీళ్ళలో అరగదీసి బొడ్డు చుట్టూ పట్టు వేసేవారు. అదీ చాలక ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచేవారు. మావారు పేపరు దించకుండానే "అరుగుదల లేదేమో" అనేవారు. ఓ సోమవారం నా ఓపిక కాస్తా అయిపోయి, "నాటకాలాడకు!" అని వీపుమీద ఒక్కటిచ్చాను.

వాడు ఏడవలేదు. "నా నొప్పి నీకు కనబడదుగా అమ్మా" అన్నాడు, అంతే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను బి.ఏ.లో చదువుకున్నది చరిత్ర. రాజులూ యుద్ధాలూ తప్ప పిల్లల కడుపునొప్పికి చరిత్ర ఉంటుందని ఎవరూ చెప్పలేదు. చూడబోతే బోలెడంత ఉంది.

కనబడని నొప్పిని కనిపెట్టడం ఎలా అన్న ప్రశ్న మన దేశంలో చాలా పాతది. పిల్లల వైద్యం గురించి కాశ్యప సంహిత అని ఓ గ్రంథం ఉంది. నేపాల్లో దొరికిన అసంపూర్తి తాళపత్ర ప్రతి ఆధారంగా 1938లో అచ్చయింది. అందులో ఒక అధ్యాయమంతా నోరులేని పసివాళ్ళ బాధను ఆనవాళ్ళనిబట్టి పోల్చుకోవడం గురించే! బిడ్డ రొమ్ము వదిలేసి ఏడుస్తూ, కడుపు బిగదీసుకుని, మొహాన చెమట పోస్తుంటే కడుపులో శూల అనుకోమంటుంది. అంటే ఆ వైద్యుడు బిడ్డను అనుమానించలేదు, గమనించాడు. మాటలొచ్చిన నా కొడుకు చెప్పినా నేను నమ్మలేదు!

మన ఇళ్ళలో వామునీళ్ళూ, వసకొమ్మూ, ఆముదమూ రాజ్యమేలుతున్న కాలంలోనే ఇంగ్లండులో ఇంకో మందు పుట్టింది. నాటింగ్‌హామ్‌లో విలియం ఉడ్‌వర్డ్ అనే మందుల వ్యాపారి 1851లో గ్రైప్ వాటర్ తయారుచేశాడు. సోయికూర విత్తుల నూనె, వంటసోడా, పంచదార, వీటికి తోడు కాస్త ఆల్కహాలు! పిల్లలు గుక్కపట్టడం మానేసి హాయిగా నిద్రపోయేవారంటే పోరూ మరి? 1990ల మొదట్లోగాని అక్కడ ఆ ఆల్కహాలు తొలగిపోలేదు. ఇప్పుడు మన బజార్లో అమ్మేవాటిలోనూ అది లేదు. ఏమైనా, ఏడుపు ఆపడం వేరు, ఏడుపెందుకో తెలుసుకోవడం వేరు.

తెలుసుకోకపోతే ఏమవుతుందో మా అమ్మమ్మకి తెలుసు. ఆవిడ చిన్నతనంలో పదేళ్ళ తమ్ముడికి ఓ సాయంత్రం కడుపునొప్పి వచ్చింది. మొదట బొడ్డు దగ్గరన్నాడు, పొద్దుపోయేసరికి పొత్తికడుపు కుడివైపు చెయ్యి వేసుకుని ముడుచుకుపోయాడు. పెద్దవాళ్ళు ప్రేమకొద్దీ ఆముదం పట్టారు. మూడోరోజుకి పిల్లవాడు లేడు. "కడుపులో ఏదో పుండు పగిలింది" అన్నారట. ఆ తర్వాత మా అమ్మమ్మ నొప్పితో మెలికలు తిరిగే పిల్లలకి ఆముదం పట్టనిచ్చేది కాదు. ముందు "ఎక్కడరా? వేలు పెట్టి చూపించు" అనేది.

అది అపెండిసైటిస్ అయి ఉంటుందని నాకు ఇప్పుడనిపిస్తుంది. ఆ పేగు తోకను మొట్టమొదట కోసి తీసింది పదకొండేళ్ళ పిల్లవాడికే. 1735లో లండన్‌లో క్లాడియస్ ఆమ్యాండ్ అనే సర్జన్, మత్తుమందన్నదే లేని రోజుల్లో! ఆ కుర్రాడు మింగిన గుండుసూది అందులో గుచ్చుకుని ఉంది. పాపం, ఆ బాధంతా ఓర్చుకుని బతికాడు. కానీ ఆ జబ్బుకి ఆ పేరు పెట్టి, త్వరగా ఆపరేషన్ చెయ్యాలని అమెరికాలో రెజినాల్డ్ ఫిట్జ్ చెప్పింది 1886లో. 1902 జూన్‌లో ఏడవ ఎడ్వర్డు రాజుగారికి పట్టాభిషేకం రెండు రోజులుందనగా ఈ జబ్బే ముదిరి ఆపరేషన్ చేయవలసి వచ్చింది. చేసినవాడు ఫ్రెడరిక్ ట్రీవ్స్. ఆగస్టులో రాజుగారు కిరీటం పెట్టుకున్నారు. కానీ ఆ ట్రీవ్స్ గారి చిన్నకూతురు రెండేళ్ళ ముందు, 1900లో, ఇదే జబ్బుతో చనిపోయింది. అంతటి వైద్యుడి ఇంట్లోనే ఆ నొప్పి అంత పని చేసిందంటే, మా ముత్తవ్వని ఏమనగలం?

సరే, ప్రమాదమైన నొప్పి సంగతి అది. మరి నెలల తరబడి వస్తూ పోతూ ఉండే సోమవారపు నొప్పి మాటేమిటి? అది లెక్కతో తేల్చినవాడు జాన్ ఆప్లే అనే పిల్లల డాక్టరు. 1958లో ఇంగ్లండులోని బ్రిస్టల్ ప్రాంతంలో నేష్‌తో కలిసి వెయ్యిమంది బడిపిల్లల్ని పరిశీలించాడు. మూడు నెలల్లో కనీసం మూడుసార్లు, ఆటా పాటా మానుకునేంత నొప్పి వచ్చే పిల్లలు నూటికి పదిమందికి పైనే తేలారు! అలాంటి పిల్లల్ని ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ చేసి చూస్తే, పదిమందిలో ఒకరికి కూడా సరిగ్గా శరీరంలో జబ్బు కనబడలేదు. ఆయన చెప్పిన సూత్రం ఇంకా వైద్యులు తలుచుకుంటూనే ఉంటారు: నొప్పి బొడ్డుకి ఎంత దూరమైతే, లోపల జబ్బు ఉండే అవకాశం అంత ఎక్కువ. మా అమ్మమ్మ వేలు పెట్టి చూపించమన్నది ఇందుకే కాదూ!

అయితే జబ్బు లేదంటే నొప్పి లేదనా? కాదు. ఇక్కడే నేను తప్పులో కాలేశాను. మన పేగుల్లో కోట్లాది నాడీకణాలున్నాయి. వాటికీ మెదడుకీ రాకపోకలు నిత్యం సాగుతూనే ఉంటాయి. కొంతమంది పిల్లల్లో ఆ నాడులు మరీ సున్నితం. ఇంకొకరికి తెలియనైనా తెలియని చిన్న కదలిక వీళ్ళకి నొప్పిగా అందుతుంది. భయం దాన్ని పెంచుతుంది. భయంవల్ల పెరిగిన నొప్పీ నొప్పే.

మేం డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. ఆయన బరువు, ఎత్తు చూశారు, పొట్ట నొక్కి చూశారు. విరేచనం సాఫీగా అవుతోందా, పాలు పడుతున్నాయా, నులిపురుగుల మాత్ర వేశారా అని అడిగారు. (2015 నుంచి బడుల్లోనూ అంగన్‌వాడీల్లోనూ ఆ మాత్ర వేస్తున్నారు కదా.) "నొప్పికి రాత్రి నిద్రలోంచి లేస్తాడా?" అన్నారు. లేవడు. ఆఖరున వాణ్ణే అడిగారు, "సోమవారం స్కూల్లో ఏముంటుందిరా?" అని. లెక్కల్లో ఒక్కొక్కర్నీ నిలబెట్టి ఎక్కాలు అడుగుతారట! నాలుగు నెలల్లో ఆ ఒక్క ప్రశ్న నాకు తట్టలేదు చూశారా?

మరి ఏం చెయ్యాలి? అయ్యో అయ్యో అంటూ చుట్టూ తిరగడమా? 2006లో అమెరికాలో లిన్ వాకర్ బృందం ఓ ప్రయోగం చేసింది. పిల్లలకి కడుపు నిండా నీళ్ళు తాగించి, ఇబ్బందిగా ఉందన్నప్పుడు కొందరి తల్లిదండ్రుల్ని ఆ బాధ గురించే మాట్లాడమన్నారు, కొందర్ని వేరే కబుర్లలో పెట్టమన్నారు. బాధ గురించే మాట్లాడినవారి పిల్లలు దాదాపు రెట్టింపు సార్లు బాధ చెప్పారు. తమాషా ఏమిటంటే, మాట మళ్ళించడం పిల్లలకి మంచిది కాదేమోనని తల్లిదండ్రులే జంకారు!

అంచేత మా ఇంట్లో ఇప్పుడు పద్ధతి ఇది. నొప్పి అంటే నమ్ముతాను. ఎక్కడో చూపించమంటాను. పొట్ట మీద చెయ్యి వేసి నాలుగుసార్లు నిదానంగా ఊపిరి తీయిస్తాను. తర్వాత క్రికెట్ మాట ఎత్తి బూటు తొడుగుతాను. బడి మానిపించను. టీచరుతో మాట్లాడాను, ఆవిడ వాణ్ణి బల్ల దగ్గరికొచ్చి మెల్లిగా చెప్పమన్నారు.

కానీ బొడ్డు దగ్గర మొదలైన నొప్పి కుడివైపు కిందికి దిగినా, జ్వరం వచ్చినా, ఆకుపచ్చగా వాంతి అయినా, విరేచనంలో రక్తం పడినా, బరువు తగ్గినా, నిద్ర చెడగొట్టినా, ఇంగువా వద్దు, ఊపిరీ వద్దు, ఆముదం అసలే వద్దు. తిన్నగా ఆసుపత్రికే.

మా వాడికి నొప్పి పూర్తిగా పోలేదు. అప్పుడప్పుడు వస్తూనే ఉంటుంది. మొన్న సోమవారం బూటు తొడుక్కుంటూ, "అమ్మా, కొంచెం నొప్పి. బొడ్డు దగ్గరే. వెళ్తాలే" అన్నాడు.

ఆటో వెళ్ళేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. అత్తగారు లోపల్నించి "ఇంగువ అరగదీయనా అమ్మాయ్?" అని కేకేశారు.

"సాయంత్రం సాంబారులోకి వేద్దాం లెండి అత్తయ్యా" అన్నాను.