పోలియో చుక్కలో మడతపేచీ

1950లలో శాస్త్రవేత్త ఆల్బర్ట్ సాబిన్ పోలియో వైరస్‌ను కోతుల కణజాలంలో మళ్లీ మళ్లీ పెంచి, అందులోంచి నీరసించిన రకాలను ఏరి పెట్టుకున్నాడు. ఆయన కొలబద్ద కోతే. వైరస్‌ను దాని మెదడులోకో వెన్నుపాములోకో ఎక్కిస్తే కాళ్లు చచ్చుబడ్డాయా లేదా అన్నదే పరీక్ష. వైరస్ ఎందుకు నీరసించిందో ఆయనకు తెలియదు, అప్పట్లో తెలిసే దారీ లేదు. ఆ జన్యుపాఠాన్ని మొదటి నుంచి చివరిదాకా చదవగలిగింది 1981లో. అప్పటికి రెండు దశాబ్దాల కిందటే, 1959లో, సోవియట్ యూనియన్‌లో శాస్త్రవేత్త చుమకోవ్ బృందం ఆ నీరసించిన వైరస్‌లతో చేసిన మందును కోటి మందికి పైగా వేసేసింది. పోలియో చుక్కల చరిత్రను మనం సాధారణంగా ఉద్యమంగా, పల్స్ పోలియో ఆదివారాలుగా చెప్పుకుంటాం. ఆ చరిత్ర మలుపులన్నీ మాత్రం వైరస్ ఆర్‌ఎన్‌ఏలోని ఒకటి రెండు మడతల దగ్గరే తిరిగాయని నా వాదన.

పోలియో జన్యుపాఠం సుమారు 7,400 అక్షరాలు. మొదటి 740 అక్షరాల నుంచి ఏ ప్రోటీనూ తయారు కాదు. పోలియో వైరస్ మూడు రకాల్లో మూడోదాని టీకా వైరస్‌కూ, దాని మాతృక అయిన లియాన్ రకానికీ పోల్చి చూస్తే తేడా పదింటి దగ్గర తేలింది. అందులో కీలకమైనది ఈ ‘పనికిరాని’ భాగంలోనే, 472వ స్థానంలో కనిపించింది. అక్కడ ‘సి’ పోయి ‘యు’ వచ్చింది. 1985లో బ్రిటన్ పరిశోధకులు చూపించింది ఇంకా విడ్డూరం: టీకా వేసుకున్న పసిబిడ్డ పేగులో కొద్ది రోజుల్లోనే ఆ ‘యు’ తిరిగి ‘సి’ అయిపోతోంది. కారణం 1988 తర్వాత స్పష్టపడింది. ఆర్‌ఎన్‌ఏ ఆ చోట తన మీద తాను మడత పడి, కణంలోని రైబోజోమ్ వచ్చి కూర్చోవడానికి పీట వేస్తుంది. సి-జి జంట గట్టి ముడి, యు-జి జంట వదులు ముడి. ముడి వదులైతే పీట ఊగుతుంది, ప్రోటీన్ల తయారీ మందగిస్తుంది.

మూడో రకంలో పైతొడుగు ప్రోటీన్ మార్పు కూడా వైరస్‌ను బలహీనపరిచింది కదా, అంతా మడతకే కట్టబెట్టడం ఎందుకని అడగవచ్చు. ఆ మార్పు పాత్ర నిజమే. అయితే మూడు రకాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటో రకంలో 480, రెండో రకంలో 481, మూడో రకంలో 472. వేర్వేరు మూలాల నుంచి వచ్చిన మూడు వైరస్‌లకూ దెబ్బ ఒకే మడతలో తగిలింది. సాబిన్ కోతిని చూసి ఎంచుకుంటున్నానని అనుకున్నాడు, తెలియకుండా ఎంచుకున్నది మాత్రం సడలిన ముడులను. పరిణామం ఇక్కడ కాపాడుతూ వచ్చింది ఆకారాన్ని. జంట కుదిరితే చాలు, అక్షరం మారినా దానికి పట్టింపు లేదు.

సడలిన ముడిని వైరస్ తిరిగి బిగించుకునే ఆ మరమ్మతుకు మనుషులు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. 2000లో హైతీ, డొమినికన్ రిపబ్లిక్‌లలో టీకా నుంచి పుట్టిన వైరసే పోలియో వ్యాప్తికి కారణమైంది. సహజమైన రెండో రకం వైరస్ చివరిసారి కనిపించింది 1999లో, అలీగఢ్‌లో. ఆ తర్వాత ఆ రకానికి మిగిలిన ముప్పు టీకాయే గనక, 2016 ఏప్రిల్‌లో దాన్ని చుక్కల్లోంచి తీసేశారు. మే నెలలో హైదరాబాద్‌లో తీసిన మురుగునీటి నమూనాలో టీకా నుంచి మారిన రెండో రకం వైరస్ బయటపడింది. జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం మూడు లక్షల మందికి పైగా పిల్లలకు చుక్కలకు బదులు సూదిమందు వేయించింది. మామూలు మోతాదులో అయిదో వంతు, 0.1 మిల్లీలీటరు, చర్మం పొరల్లోకి.

ఇలా మళ్లీ తలెత్తే రెండో రకాన్ని అడ్డుకోవడానికి కొత్త చుక్కలను రూపొందించినవాళ్లు వైరస్ మొండితనాన్నే దాని మీదకు తిప్పారు. ఆ మడతలోని జంటలను తిరగరాశారు, ఒక్క అక్షరం మారితే ముడి బిగుసుకోకుండా. రెండో పని ఇంకా తెలివైనది. వైరస్ తన కాపీ మొదలుపెట్టాలంటే చిన్న ప్రోటీన్ ముక్కకు రెండు ‘యు’లు అతకాలి, దానికి అచ్చు సుమారు 60 అక్షరాల మరో మడత. పోలియోలో అది జన్యుపాఠం నడిమధ్యన ఉంటుంది. దాన్ని అక్కడ చెడగొట్టి, తిరగరాసిన మొదటి భాగం పక్కకు తెచ్చి పెట్టారు. ఇక సాటి వైరస్‌తో పాఠం మార్చుకుని మొదటి భాగాన్ని వదిలించుకుంటే అచ్చు కూడా పోతుంది. పరిణామం కాపాడిన భాగాన్ని ఇలా కదపడం కుదురుతుందా అంటే, ప్రకృతే ముందు కదిపింది. పశువులకు గాలికుంటు తెచ్చే వైరస్‌లో ఆ మడత పాఠం మొదట్లోనే ఉంది. ఈ చుక్కలను 2017లో బెల్జియంలోని ఆంట్వెర్ప్ విశ్వవిద్యాలయం పార్కింగ్ స్థలంలో, కంటెయినర్లతో కట్టిన తాత్కాలిక ఊరిలో వలంటీర్లను ఉంచి మొదట పరీక్షించారు. ఇప్పుడు వీటిని తయారుచేసే సంస్థల్లో హైదరాబాద్‌కు చెందిన బయలాజికల్ ఇ ఒకటి.

2023 మార్చిలో కాంగో, బురుండీలలో ఈ కొత్త టీకా నుంచి కూడా పోలియో కేసులు వచ్చాయన్న వార్త బయటపడింది. చివరికి గెలిచింది వైరసే కదా అన్నవాళ్లున్నారు. టీకాలు తక్కువ అందిన చోట మార్పుకు అవకాశం మిగులుతుందన్నది నిజం, ఆ పిల్లల కాళ్లు తిరిగి రావన్నదీ నిజం. అయితే వైరస్ తప్పించుకున్న దారి చూడాలి. పాత చుక్కల్లో అది ఒక్క అక్షరం దిద్దుకుని బయటపడేది. కొత్తవాటిలో ప్రధానంగా పేగులోని బంధు వైరస్‌లతో పాఠం మార్చుకుని, చెక్కుచెదరని భాగాలను అరువు తెచ్చుకోవాల్సి వస్తోంది. అలాంటి కలయిక అరుదు, ఒక్క అక్షరం మార్పు రోజువారీ వ్యవహారం. ఒకటో, మూడో రకాల కొత్త చుక్కలను కూడా ఇదే చట్రం మీద, పైతొడుగు మాత్రం మార్చి రూపొందించారు.